పాత ఫోన్‌లో లినక్స్: ముందు డ్రైవర్, తర్వాతే డిస్‌ప్లే సర్వర్

సంపాదకుల వారికి,

నమస్కారం. పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని మూలన పడెయ్యకుండా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి వాడుకోవచ్చన్న సలహా ఈమధ్య పత్రికల సాంకేతిక పేజీల్లో, తెలుగు వీడియోల్లో తరచుగా వస్తోంది. సలహా మంచిదే. అయితే బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే నడిచే తొలి ప్రోగ్రామ్) అన్‌లాక్ చెయ్యడం, ఇమేజ్ (ఓఎస్ మొత్తం ఉన్న ఫైల్) ఫ్లాష్ చెయ్యడం దాకా చెప్పి ఆపేస్తున్నారు. లోగో కనిపించి, ఆపైన నల్ల తెర తప్ప ఏమీ రాని ఫోన్‌ని చేతిలో పెట్టుకుని ఏం చెయ్యాలో చెప్పేవారు లేరు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొని ప్రాజెక్టు మొదలుపెట్టే ఇంజినీరింగ్ విద్యార్థులు డబ్బూ సమయమూ పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. అందుకే ఈ ఉత్తరం. పొడుగైనా దయచేసి కత్తిరించకుండా వేయండి, ఎందుకంటే ఇందులో వివరాలే ముఖ్యం.

డిస్‌ప్లే సర్వర్లలో వేలాండ్ మంచిదా, ఎక్స్ 11 మంచిదా అన్న చర్చతో చాలామంది మొదలుపెడతారు. ఫోన్ విషయంలో ఆ ఎంపిక చాలాసార్లు మన చేతిలో ఉండదు. కెర్నల్‌లో (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే మూల ప్రోగ్రామ్) తెరని నడిపే భాగం, అంటే డ్రైవర్, ఏ రకమో దాన్నిబట్టే ఏ డిస్‌ప్లే సర్వర్ నడుస్తుందో తేలిపోతుంది.

డిస్‌ప్లే సర్వర్ అంటే యాప్‌లు గీసిన బొమ్మలన్నిటినీ ఒక తెరగా కూర్చి, మనం వేలు పెట్టిన చోటు ఏ యాప్‌దో చూసి ఆ సంగతి దానికి చేరవేసే ప్రోగ్రామ్. ఎక్స్ 11 ప్రోటోకాల్ 1987 నాటిది. 2009లో వచ్చిన నోకియా ఎన్900 ఫోన్ దాని మీదే నడిచింది. వేలాండ్ 2008లో మొదలై 2012లో 1.0 వెర్షన్‌కి చేరింది. ఇవాళ ఫోన్ల కోసం తయారవుతున్న ఫాష్, ప్లాస్మా మొబైల్, సెయిల్‌ఫిష్ ఓఎస్ వేలాండ్ మీదే ఉన్నాయి. ఉబుంటు టచ్ అనే ఫోన్ లినక్స్ కోసం పుట్టిన మిర్ అనే డిస్‌ప్లే సర్వర్ కూడా చివరికి వేలాండ్ దారికే వచ్చింది. ఆండ్రాయిడ్ మాత్రం ఈ రెండూ వాడదు. దానికి సర్ఫేస్‌ఫ్లింగర్ అనే సొంత ఏర్పాటు ఉంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. తయారీదారు ఇచ్చిన గ్రాఫిక్స్ డ్రైవర్‌లో కెర్నల్ భాగం, సోర్స్ ఇవ్వాలనే షరతున్న జీపీఎల్ లైసెన్సు కింద బయటికి రావాల్సి ఉంటుంది. నిజంగా బొమ్మ గీసే పెద్ద భాగం మూసిన బైనరీ ఫైళ్లలో ఉంటుంది. అవి ఆండ్రాయిడ్ వారి బయోనిక్ అనే సీ లైబ్రరీ (ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల కోడ్) కోసం తయారైనవి. లినక్స్ రకాలైన డెబియన్, పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వేరే సీ లైబ్రరీల మీద, మొదటిది జీలిబ్‌సీ మీద, రెండోది మజల్ మీద నడుస్తాయి. కాబట్టి ఆ ఫైళ్లని తీసుకొచ్చి లినక్స్‌లో పెడితే అవి లోడ్ కావు. «కెర్నల్ సోర్స్ దొరికింది కదా, ఇంకేం కావాలి» అనుకునేవారు గమనించాల్సిన సంగతి ఇది.

దీన్ని దాటడానికి ఇప్పుడున్నవి మూడు దారులు.

మొదటిది, అన్నిటికన్నా మేలైనది, మెయిన్‌లైన్ కెర్నల్, అంటే తయారీదారు మార్చినది కాక లినక్స్ ప్రాజెక్టు నేరుగా విడుదల చేసేది. ఇందులో తెరని డీఆర్‌ఎం, కేఎంఎస్ అనే ప్రామాణిక పద్ధతిలో కెర్నలే నడుపుతుంది. గీసే పని మీసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలోని స్వేచ్ఛా డ్రైవర్లు చూసుకుంటాయి. క్వాల్‌కామ్ అడ్రినో చిప్‌లకి ఫ్రీడ్రీనో ఉంది. పాత మాలి-400 చిప్‌లకి లీమా, ఆ తర్వాతి మాలి తరాలకి పాన్‌ఫ్రాస్ట్ ఉన్నాయి. ఈ రెండూ 2019లో లినక్స్ 5.2తో కెర్నల్లోకి వచ్చాయి. లిబ్రెమ్ 5లోని వివాంటే చిప్‌ని ఎట్‌నావివ్ నడుపుతుంది. ఈ దారిలో వేలాండ్, ఎక్స్ 11 రెండూ మామూలు కంప్యూటర్లో నడిచినట్టే నడుస్తాయి.

ఒక్క మెలిక ఉంది. తెరకి బొమ్మ పంపే డిస్‌ప్లే కంట్రోలర్, బొమ్మ గీసే గ్రాఫిక్స్ చిప్ రెండూ వేరు. క్వాల్‌కామ్‌లో రెండిటినీ ఒకే కెర్నల్ డ్రైవర్ చూస్తుంది. పైన్‌ఫోన్‌లోని ఆల్‌విన్నర్ ఏ64లో తెరకి ఒక డ్రైవర్, మాలికి ఇంకొకటి. పరికరాలు ఫైళ్లుగా కనిపించే డెవ్ ఫోల్డర్‌లో డీఆర్‌ఐ అన్న చోట రెండు కార్డులు కనిపిస్తాయి. కంపోజిటర్ (వేలాండ్‌లో డిస్‌ప్లే సర్వర్ పని చేసే ప్రోగ్రామ్) వాటిలో తెర లేని కార్డుని పట్టుకుంటే నల్ల తెరే గతి. అలాంటప్పుడు ఏ కార్డు వాడాలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి అందించే సెట్టింగ్) ద్వారా చెప్పాలి. మీడియాటెక్ చిప్ ఉన్న చాలా చవక ఫోన్లలో అడ్డంకి కూడా ఇలాంటిదే: మాలి చిప్‌కి డ్రైవర్ ఉన్నా, ఆ ఫోన్ తెరని నడిపే భాగం మెయిన్‌లైన్‌లో లేకపోతే గీసిన బొమ్మకి బయటికి దారి ఉండదు.

రెండో దారి లిబ్‌హైబ్రిస్. బయోనిక్ కోసం తయారైన డ్రైవర్‌కీ జీలిబ్‌సీ మీద నడిచే ప్రోగ్రాములకీ మధ్య ఇది దుబాసీలా ఉంటుంది. దీని చుట్టూ 2017లో హేలియమ్ అనే ప్రాజెక్టు మొదలైంది. ఆండ్రాయిడ్‌లో కింది పొరని మాత్రం ఒక కంటైనర్‌లో (మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసిన చోట) నడిపి, పైన లినక్స్ పెడతారు. ఉబుంటు టచ్ నడిచే చాలా ఫోన్లు ఈ పద్ధతిలోనివే, సెయిల్‌ఫిష్ కూడా చాలా ఫోన్లలో లిబ్‌హైబ్రిస్ మీదే ఆధారపడింది. దీనివల్ల కెమెరా, కాల్స్ లాంటివి పనిచేసే అవకాశం ఎక్కువ. డిస్‌ప్లే విషయంలో మాత్రం పరిమితి తెలుసుకుని దిగాలి. ఆండ్రాయిడ్ డ్రైవర్లు ఫోన్ల కోసం కుదించిన ఓపెన్‌జీఎల్ ఈఎస్ అనే గ్రాఫిక్స్ పద్ధతిని ఇస్తాయి, డెస్క్‌టాప్ ఓపెన్‌జీఎల్ ఇవ్వవు. మామూలు ఎక్స్ 11 ప్రోగ్రాములు ఓపెన్‌జీఎల్ వాడుకోవడానికి అడిగే జీఎల్‌ఎక్స్ కూడా ఉండదు. కాబట్టి డెస్క్‌టాప్ ఓపెన్‌జీఎల్ అడిగే ప్రోగ్రాములు మొదలు కావు, లేదా సీపీయూతో గీస్తూ ఈడుస్తాయి. కంపోజిటర్ కూడా మామూలుది పనికిరాదు. ఆండ్రాయిడ్‌లో తెరకి బొమ్మ అందించే హార్డ్‌వేర్ కంపోజర్‌తో మాట్లాడేలా మార్చినదే వాడాలి.

మూడోది, ఫ్రేమ్‌బఫర్ (తెర మీది బొమ్మ ఉండే మెమరీ) మాత్రమే ఉన్న పాత తయారీదారు కెర్నల్. డెవ్‌లో ఎఫ్‌బీ 0 అన్న ఫైల్ ఉండి, డీఆర్‌ఐ ఫోల్డర్ లేకపోతే మీ ఫోన్ ఈ కోవలోనిదే. దీని మీద వేలాండ్ ఆశ వదులుకోవాలి. వెస్టన్ కంపోజిటర్‌లో ఒకప్పుడు ఫ్రేమ్‌బఫర్ మద్దతు ఉండేది, దాన్ని 11వ వెర్షన్‌లో తీసేశారు. ఎక్స్ 11కి మాత్రం ఫ్రేమ్‌బఫర్ డ్రైవర్ ఇంకా ఉంది, దానితో తేలికపాటి డెస్క్‌టాప్ వస్తుంది. కొన్ని క్వాల్‌కామ్ ఫోన్లలో ఇక్కడా ఒక వింత ఎదురవుతుంది. ఫ్రేమ్‌బఫర్‌లో రాసింది తనంతట తానుగా తెర మీదికి రాదు, ప్రతిసారీ కెర్నల్‌కి «ఇప్పుడు చూపించు» అని చెప్పాలి. ఆ పని చెయ్యడానికే ఎంఎస్ఎం ఎఫ్‌బీ రిఫ్రెషర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. అది లేక తెర మొదటి బొమ్మ దగ్గరే బిగుసుకుపోతే, చాలామంది ఫోనే చెడిపోయిందనుకుంటారు.

ఈ మూడో దారిలో వేగం ఎందుకు రాదో ఒక లెక్క చూడండి. 720 × 1280 తెరకి ఒక ఫ్రేము, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున, 36,86,400 బైట్లు. సెకనుకి 60 ఫ్రేములైతే 22 కోట్ల బైట్లు దాటుతుంది. ఇది తెరకి పంపే పని ఒక్కటే. సీపీయూ ముందు గీసి, తర్వాత దాన్ని ఇంకో చోటికి కాపీ చెయ్యాలంటే మెమరీ మీద భారం అంతకు రెట్టింపు పైనే. ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. సర్వర్‌గానో, గోడకి తగిలించే గడియారంగానో వాడుకోవడానికి ఇది చాలు. రోజూ చేతిలో ఉండే ఫోన్‌కి చాలదు.

మెయిన్‌లైన్ కెర్నల్ లేస్తున్నా తెర డ్రైవర్ ఇంకా రాయని ఫోన్లకి సింపుల్‌డీఆర్‌ఎం ఒక ఆసరా. ఇది లినక్స్ 5.14తో 2021లో వచ్చింది. బూట్‌లోడర్ వెలిగించి వదిలిన తెరనే డీఆర్‌ఎం పరికరంగా చూపిస్తుంది, కాబట్టి వేలాండ్ మొదలవుతుంది. గీసేది మళ్లీ సీపీయూనే, తెరని ఆపి మళ్లీ వెలిగించడం కుదరదు. బూట్ మధ్యలో తెర చటుక్కున ఆరిపోతే, ఎవరూ వాడటం లేదనుకుని కెర్నల్ డిస్‌ప్లేని నడిపే క్లాక్ సంకేతాల్ని ఆపేసిందని అనుమానించాలి. వాడని క్లాకుల్ని ఆపవద్దని చెప్పే మాటని కెర్నల్ కమాండ్‌లైన్‌కి (బూట్ సమయంలో కెర్నల్‌కి అందే సూచనల వరస) చేర్చి చూడటం మొదటి పరీక్ష.

ఇక ఒకే మోడల్‌లో రెండు రకాల తెరలు. పోకో ఎఫ్1 మన దేశంలో 2018 ఆగస్టులో విడుదలైంది, స్నాప్‌డ్రాగన్ 845 ఉన్న ఫోన్, మెయిన్‌లైన్ మద్దతు బాగున్న వాటిలో ఒకటి. దీని తెర ప్యానెల్ కొన్నిటిలో టియాన్మా వారిది, కొన్నిటిలో ఈబీబీజీ వారిది. ప్యానెల్‌ని మేల్కొలిపే కమాండ్లు రెండిటికీ వేరు, టచ్ చిప్ కూడా వేరు. తప్పు ఇమేజ్ వేస్తే తెర నల్లగానే ఉంటుంది. బయటి నుంచి చూసి ఇది పసిగట్టలేం. అందుకే ఆండ్రాయిడ్‌ని చెరిపెయ్యకముందే, రికవరీ అనే మరమ్మతు మోడ్‌లోకి వెళ్లి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీ షెల్ తెరిచి, ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ ఫైల్ చదవండి. అందులో ప్యానెల్ పేరు ఉంటుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఈ చిప్‌లోని అడ్రినో 630 విషయంలో ఇంకో జాగ్రత్త. గ్రాఫిక్స్ చిప్ రక్షిత స్థితి నుంచి బయటికి రావాలంటే జాప్ అనే చిన్న ఫర్మ్‌వేర్ ఫైల్ కావాలి. దాని మీద ఫోన్ తయారీదారు సంతకం ఉంటుంది. ఒక కంపెనీ ఫోన్‌లోది ఇంకో కంపెనీ ఫోన్‌లో పనిచెయ్యదు. అది లేకపోతే గ్రాఫిక్స్ వేగం రాదు. ఆ ఫైల్ బూట్ మొదట్లోనే మెమరీలోకి వచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో లేకుండా, ఓఎస్ అసలు నిల్వ అయిన రూట్ పార్టిషన్‌లో మాత్రమే ఉంటే, డ్రైవర్ దాన్ని వెతికే సమయానికి ఆ పార్టిషన్ ఇంకా మౌంట్ అయి ఉండదు. అందువల్ల ఫైల్ ఉండి కూడా దొరకదు.

మన రాష్ట్రానికి చెందిన ఒక ఉదాహరణ ఇక్కడ చెప్పాలి. తిరుపతి దగ్గర శ్రీసిటీలో 2015లో షావోమీ కోసం ఫాక్స్‌కాన్ తయారుచేసిన మొదటి ఫోన్ రెడ్‌మి 2 ప్రైమ్. స్నాప్‌డ్రాగన్ 410, 4.7 అంగుళాల తెర, 2 జీబీ ర్యామ్. తయారీదారు మద్దతు ఎప్పుడో ఆగిపోయినా, ఆ చిప్‌కి మెయిన్‌లైన్ పని ఎంత బాగా జరిగిందంటే, తర్వాత వచ్చిన ఎన్నో ఖరీదైన ఫోన్లకన్నా రెడ్‌మి 2 లినక్స్‌కి అనువైనది. దీనిలోనూ ప్యానెళ్లు రకరకాలు. ఆ చిక్కుని ఎల్‌కే2ఎన్‌డీ అనే రెండో బూట్‌లోడర్ తీరుస్తుంది. అసలు బూట్‌లోడర్ అందించిన ప్యానెల్ పేరు చదివి, దానికి సరిపడే వివరాన్ని కెర్నల్‌కి అదే చెబుతుంది. దాన్ని బూట్ పార్టిషన్‌లోనే వేస్తారు. మొదటి 512 కేబీ అది ఉంచుకుని, కెర్నల్ ఇమేజ్‌ని ఆ తర్వాత పెట్టుకుంటుంది. కాబట్టి కెర్నల్ మార్చేటప్పుడు ఫోన్‌తో వచ్చిన ఫాస్ట్‌బూట్ (కేబుల్ మీద ఇమేజ్ వేసే మోడ్) వాడకూడదు, వాడితే ఎల్‌కే2ఎన్‌డీ తుడిచిపెట్టుకుపోతుంది. ఆన్ చేసి, ఫోన్ ఒకసారి కంపించిన తర్వాత వాల్యూమ్ తగ్గించే మీట పట్టుకుంటే వచ్చే ఎల్‌కే2ఎన్‌డీ సొంత ఫాస్ట్‌బూట్‌తోనే వెయ్యాలి.

అన్నీ సరిపోయాక కూడా తెర రాకపోతే, యూఎస్‌బీ కేబుల్ మీద ఎస్ఎస్‌హెచ్‌తో (మరో కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చే పద్ధతి) లోపలికి వెళ్లి వరసగా చూడండి. డీఆర్‌ఐ ఫోల్డర్‌లో కార్డు 0, రెండర్ డీ 128 రెండూ ఉన్నాయా? కార్డు ఉండి రెండర్ లేకపోతే తెర దొరికింది, గ్రాఫిక్స్ చిప్ దొరకలేదు. ఓపెన్‌జీఎల్ సమాచారం చూపే ప్రోగ్రామ్‌లో ఎల్‌ఎల్‌వీఎంపైప్ అన్న పేరు వస్తే గీస్తున్నది సీపీయూ. కంపోజిటర్‌ని ఎస్ఎస్‌హెచ్ నుంచే మొదలుపెట్టి «అనుమతి లేదు» అన్న జవాబు చూసి డ్రైవర్‌ని తిట్టుకోవద్దు. దూరం నుంచి తెరిచిన షెల్‌కి తెర మీద హక్కు ఉండదు. ఆ హక్కు లాగిన్‌డీ, సీట్‌డీ అనే నేపథ్య ప్రోగ్రాముల్లో ఏదో ఒకటి ఇవ్వాలి. కంపోజిటర్ నడుస్తూనే ఉండి, షెల్ నుంచి యాప్ ఒక్కటి తెరవాలంటే దానికి వేలాండ్ సాకెట్ పేరు, రన్‌టైమ్ ఫోల్డర్ రెండూ తెలియాలి. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌లో యూజర్ సంఖ్య 10000 కనుక ఆ ఫోల్డర్ రన్ కింద యూజర్‌లో 10000 పేరుతో ఉంటుంది.

పాత ఎక్స్ 11 యాప్‌లు వేలాండ్‌లో ఎక్స్‌వేలాండ్ (వేలాండ్ లోపల నడిచే ఎక్స్ సర్వర్) ద్వారా తెరుచుకుంటాయి. తెరుచుకోవడం వేరు, వేలితో వాడగలగడం వేరు. 720 × 1440 తెర మీద ఫాష్ లాంటివి అన్నిటినీ రెట్టింపు సైజులో చూపించే స్కేల్ 2 పెడతాయి, అంటే యాప్‌కి దొరికేది 360 × 720 చోటు. డెస్క్‌టాప్ కోసం రాసిన డైలాగుల్లో «సరే» బటన్ తెర బయటికి పోతుంది. ఎక్స్‌వేలాండ్ యాప్‌లకి స్కేల్ సంగతి తెలియక సగం కొలతలో గీస్తే, దాన్ని కంపోజిటర్ సాగదీసేసరికి అక్షరాలు మసకబారతాయి. తెలుగుకి ఇది ఎక్కువ దెబ్బ, ఒత్తులూ గుడిదీర్ఘాలూ కలిసిపోయి కనిపిస్తాయి. యాప్‌కి సొంత వేలాండ్ మద్దతు ఉంటే ఎక్స్‌వేలాండ్ జోలికి పోకుండా దాన్నే వాడించాలి. యాప్‌లు రాయడానికి వాడే జీటీకే, క్యూటీ లైబ్రరీలు రెండిటికీ ఏ బ్యాకెండ్ వాడాలో చెప్పే వేరియబుళ్లు ఉన్నాయి.

కీబోర్డు సంగతి కూడా ఇంతే. వేలాండ్‌లో తెర కీబోర్డు యాప్‌కి అక్షరాలని రెండు రకాలుగా పంపగలదు. టెక్స్ట్ ఇన్‌పుట్ ప్రోటోకాల్ ఉంటే «క్ష» అన్నది ఒక్క నొక్కుతో మూడు కోడ్ పాయింట్లుగా (యూనికోడ్‌లో అక్షరాల సంఖ్యలు) ఒకేసారి వెళ్తుంది. నొక్కిన చోట కీబోర్డు తనంతట తానే పైకి రావడం కూడా దాని చలవే. ఎక్స్‌వేలాండ్ యాప్‌లకి ఆ సౌకర్యం లేదు. వాటికి మీట నొక్కినట్టు నటించే రెండో పద్ధతే గతి. ఎక్స్ 11లో మీట సంఖ్యలు 8 నుంచి 255 వరకే ఉంటాయి కాబట్టి కీమ్యాప్‌ని (ఏ మీటకి ఏ అక్షరమో చెప్పే పట్టిక) ముక్కలు చెయ్యాల్సి వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో దాదాపు ప్రతి మీటకీ ఒక కోడ్ పాయింటే కనుక అది ఎలాగో నడుస్తుంది, గుణింతాలని ముందే ఊహించి ఇచ్చే కీబోర్డులు ఇక్కడ తేలిపోతాయి. అక్షరాలు కలవకుండా విడివిడిగా కనిపిస్తే మాత్రం డిస్‌ప్లే సర్వర్‌ని నిందించకండి. అక్షరాలు కలపడం యాప్‌లోని హార్ఫ్‌బజ్ లైబ్రరీ పని, అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే ఫాంట్ లేదని అర్థం. లోహిత్ తెలుగో, నోటో సాన్స్ తెలుగో వేసుకుంటే సరిపోతుంది.

పూర్తిగా ఎక్స్ 11 మీదే ఉండిపోతే ఈ బాధలు ఉండవు కదా అనేవారున్నారు. అక్కడ వేరే బాధలు. తెరని అడ్డంగా తిప్పితే టచ్ తిరగదు, దాని కోఆర్డినేట్ మ్యాట్రిక్స్‌ని విడిగా మార్చాలి. తెరిచి ఉన్న ఏ యాప్ అయినా మరో యాప్‌లో టైపు చేసే పాస్‌వర్డ్‌ని చదవగలదు. వేలాండ్‌లో ఆ వీలు లేదు. ఫోన్‌లో ఇది చిన్న విషయం కాదు. పైగా దారి కూడా మూసుకుపోతోంది. 2025 మార్చిలో వచ్చిన జీటీకే 4.18 ఎక్స్ 11 మద్దతుని కాలం చెల్లినదిగా ప్రకటించింది. అదే వెర్షన్‌లో పాత జీఎల్ రెండరర్‌నీ తీసేశారు. ఓపెన్‌జీఎల్ ఈఎస్ 2.0 దాటని మాలి-400 లాంటి చిప్‌ల మీద ఇకపై జీటీకే 4 యాప్‌లు సీపీయూతో గీసుకోవాల్సిందే. కాబట్టి ఫోన్ కొనేముందు గ్రాఫిక్స్ చిప్‌కి ఈఎస్ 3.0 ఉందా లేదా చూడటం ఇప్పుడు ముఖ్యమైంది. ఆండ్రాయిడ్ యాప్‌ల కోసం వేడ్రాయిడ్ వాడదలచినవారికీ వేలాండ్ తప్పదు. అయితే బ్యాంకు యాప్‌లు దానిలో పనిచేస్తాయని నమ్మి మీ ఫోన్‌లోని ఆండ్రాయిడ్‌ని తీసెయ్యకండి. చాలా బ్యాంకు యాప్‌లు పరికరాన్ని పరీక్షించి తెరుచుకోవు.

బూట్‌లోడర్ అన్‌లాక్ కాని ఫోన్ ఉన్నవారికి టెర్మక్స్ అనే ఆండ్రాయిడ్ టెర్మినల్ యాప్ దారి ఉంది. అందులో ప్రూట్‌తో (రూట్ అనుమతి లేకుండానే మరో లినక్స్‌ని నడిపే ప్రోగ్రామ్) డెబియన్ పెట్టి, టెర్మక్స్ ఎక్స్ 11 అనే యాప్‌ని డిస్‌ప్లే సర్వర్‌గా వాడవచ్చు. ఆ యాప్ ఆండ్రాయిడ్ తెర మీదే ఎక్స్ సర్వర్‌గా నడుస్తుంది. డెబియన్‌లోని ప్రోగ్రాములు సర్వర్‌ని కనుక్కోవాలంటే టెంప్ ఫోల్డర్‌ని రెండు వైపులా ఉమ్మడి చెయ్యాలి, లేకపోతే «డిస్‌ప్లే తెరవలేకపోయాం» అన్న మాటే వస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఉపప్రాసెస్‌లు 32 దాటితే వ్యవస్థే చంపేస్తుంది. డెస్క్‌టాప్ ఉన్నట్టుండి మాయమై «సిగ్నల్ 9» కనిపిస్తే కారణం అదే. ఆండ్రాయిడ్ 14, ఆపై వెర్షన్లలో డెవలపర్ ఆప్షన్లలో చైల్డ్ ప్రాసెస్ పరిమితిని ఆపే మీట ఉంది. అంతకు ముందు వెర్షన్లలో ఆ పని ఏడీబీతో చెయ్యాలి.

మీ పత్రికకి నా విన్నపం ఒకటి. ఇకపై ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ఫోన్ పేరుతోపాటు చిప్ పేరు, ప్యానెల్ రకాలు, మెయిన్‌లైన్ కెర్నలా హేలియమా ఫ్రేమ్‌బఫరా అన్నది మొదటి పేరాలోనే వెయ్యండి. పాఠకుడు బజారుకి వెళ్లేముందు తెలియాల్సినవి ఇవి.

ఫోన్ తయారీదారులనీ ఇదే అడుగుతున్నాను. ఒక మోడల్‌కి అప్‌డేట్లు ఆపేసిన రోజున, ఆ ఫోన్‌లో వాడిన ప్యానెళ్ల మేల్కొలుపు కమాండ్లని ప్రచురించండి. గ్రాఫిక్స్ చిప్‌కి కావాల్సిన సంతకం చేసిన ఫర్మ్‌వేర్‌ని ఇతరులు పంచుకునేందుకు అనుమతి ఇవ్వండి. వీటిలో వ్యాపార రహస్యం ఏమీ లేదు. క్వాల్‌కామ్ ఫోన్లలో ప్యానెల్ కమాండ్లు ఇప్పటికే మీ కెర్నల్ డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాల జాబితా) ఉన్నాయి, వాటిని వెలికితీసి మెయిన్‌లైన్ డ్రైవర్‌గా మార్చే పనిముట్లు కూడా ఉన్నాయి. సోర్స్ విడుదల చెయ్యని మోడళ్లలోనే ఈ పని కష్టమవుతోంది.

భవదీయుడు,
ఒక ఎంబెడెడ్ లినక్స్ ఇంజినీరు,
విశాఖపట్నం